ఆపత్కాలంలో వృద్ధాశ్రమం - ఒక పరిశీలన

వార్ధక్యాన్ని గూర్చి మన సాహిత్యంలో వ్రాయబడినది చాలా ఉంది. వృద్ధులైన తల్లిదండ్రులను ఆదరించమని మతగ్రంథాలన్నీ బోధించాయి. అయితే అర్ధరాత్రి వేళ వరదనీరు గుమ్మం దాటి లోపలికి వచ్చినప్పుడు, మంచం దిగలేని పదిమంది ముసలివారిని మెట్లమీదుగా పైకి ఎవరు మోయాలి, ఎంతసేపట్లో మోయాలి అన్న ప్రశ్నకు ఆదరభావం ఒక్కటే సమాధానం కాజాలదు. అందుకు లెక్క కావాలి, ముందస్తు ఏర్పాటు కావాలి. ఈ వ్యాసంలో ఆ లెక్కను గూర్చి విచారించదలచాము. భాషను బోధించేవారికి ఈ విషయంతో పనేమిటని మా సహాధ్యాపకులు కొందరు అడిగారు. పని ఉంది. ముందుగా చెప్పబోయే ఉదంతంలో తొమ్మిదిమంది వృద్ధుల మరణానికి వరదతోపాటు, ఒక మాట అర్థం కాకపోవడం కూడా కారణమైంది.

జపాను దేశపు ఈశాన్య భాగంలో ఇవాతే అనే రాష్ట్రం కలదు. అందులో ఇవాయిజుమి అనే చిన్న పట్టణం. ఆ పట్టణం గుండా ఒమోతో అనే నది ప్రవహిస్తుంది. ఆ నది ఒడ్డున మతిమరుపు వ్యాధిగ్రస్తులైన వృద్ధుల కొరకు ఒక చిన్న ఆశ్రమం ఉండేది. 2016 ఆగస్టు 30వ తేదీన లయన్‌రాక్ అనే తుఫాను ఆ తీరాన్ని తాకింది. 1951లో లెక్కలు వ్రాయడం మొదలైన తర్వాత పసిఫిక్ సముద్రం వైపు నుండి నేరుగా ఆ ఈశాన్య తీరాన్ని తాకిన మొదటి తుఫాను అదే. అనగా, అక్కడి ముసలివారి జ్ఞాపకంలో కూడా అట్టిది లేదు. ఆనాటి సాయంకాలం నది ఒక్కసారిగా పొంగి ఆశ్రమంలోకి వచ్చింది. ఆ సమయంలో తొమ్మిదిమంది వృద్ధులు, వారిని కనిపెట్టుకొని ఒకే ఒక్క ఉద్యోగిని ఉన్నారు. వృద్ధులు తొమ్మిదిమందీ మరణించారు. ప్రక్కనే అదే సంస్థకు చెందిన అంతస్తుల భవనం ఉంది. అందులో ఉన్న వృద్ధులు పై అంతస్తుకు చేరి బ్రతికారు.

ఇంతకూ పట్టణ అధికారులు హెచ్చరిక ఇవ్వలేదా? ఇచ్చారు. ఆనాటి ఉదయం 9 గంటలకే ఇచ్చారు. ఆ హెచ్చరిక పేరు జపాను భాషలో 'హినాన్ జుంబి జోహో'. హినాన్ అనగా సురక్షిత స్థలానికి తరలిపోవడం. జుంబి అనగా సన్నాహం. జోహో అనగా సమాచారం. 'తరలింపు సన్నాహ సమాచారం' అని మనం తెలుగు చేసుకోవచ్చు. వినగానే మనకేమి తోస్తుంది? ఇప్పుడే కదలనవసరం లేదు, సామాను సర్దుకొని సిద్ధంగా ఉంటే చాలు అని తోస్తుంది. ఆ ఆశ్రమాన్ని నడిపేవారికీ అట్లాగే తోచింది. కాని 2005లో ఆ మాటను ప్రభుత్వం రూపొందించినప్పుడు దాని ఉద్దేశం వేరు. సాధారణ ప్రజలు సిద్ధపడాలి, వృద్ధులు, రోగులు మొదలైన, కదలడానికి వ్యవధి పట్టేవారు మాత్రం వెంటనే బయలుదేరాలి అన్నదే ఆ హెచ్చరిక అసలు అర్థం. ఆ అర్థం నిబంధనల పుస్తకంలో ఉంది, మాటలో లేదు. వృద్ధుల కొరకే పుట్టిన మాటలో వృద్ధులు అన్న పదమే లేదు!

ఆ తర్వాత జరిగిన సంగతి భాషాభిమానులు గమనించదగినది. అదే సంవత్సరం డిసెంబరులో జపాను ప్రభుత్వం ఆ హెచ్చరిక పేరును మార్చింది. 'తరలింపు సన్నాహం - వృద్ధులు మున్నగువారి తరలింపు ప్రారంభం' అని పొడవైన పేరు పెట్టారు. అదీ సరిపోలేదు. సన్నాహం అన్న మాట ఉన్నంతకాలం జనం ఆ మాటనే వినసాగారు. చివరకు 2021 మే నెలలో సన్నాహాన్ని తొలగించి, 'వృద్ధులు మున్నగువారి తరలింపు' అని మాత్రమే ఉంచారు. ప్రమాదపు ఐదు స్థాయిలలో ఇది మూడవ స్థాయికి చెందినది. నాల్గవ స్థాయిలో అంతవరకు 'తరలింపు సలహా', 'తరలింపు ఆదేశం' అని రెండు మాటలు ఉండేవి. సలహా అంటే ఇష్టమైతే పోవచ్చునని, ఆదేశం వచ్చినప్పుడు చూసుకోవచ్చునని జనం ఆగిపోయేవారు. అందుచేత సలహాను ఎత్తివేసి ఆదేశాన్ని మాత్రమే నిలిపారు. ఒక మాటను సరిదిద్దుకోవడానికి నాలుగైదు సంవత్సరాలు, ఈ నడుమ మరికొన్ని ప్రాణాలు పట్టాయి.

మన సంగతి చూద్దాం. తుఫాను వేళల రేడియోలో మనం వినే మాట 'లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి' అని. సంస్కృత వ్యుత్పత్తి ప్రకారం ప్రమత్తత లేకుండా ఉండటం, అనగా ఏమరుపాటు లేకుండుట. మంచి మాటే. అయితే మంచం పట్టిన మనిషి ఏమరక ఉండి ఏమి చేయగలడు? ఉర్దూలో 'హోషియార్' అన్నా ఇదే చిక్కు. ఓడరేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికల సంఖ్యలు 1 నుండి 11 వరకు ఉన్నాయి. అవి ఓడలను నడిపేవారి కొరకు ఏర్పడినవి. మనవారు వాటిని వార్తల్లో విని, మూడవ నంబరే కదా అని నిద్రపోతారు. వాతావరణ శాఖ ఇప్పుడు రంగుల పద్ధతిని అనుసరిస్తున్నది. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధపడండి, ఎరుపు అంటే చర్య తీసుకోండి అని స్థూలంగా అర్థం. ఇది స్పష్టమైన పద్ధతే. కాని జపానులో తొమ్మిదిమందిని ముంచిన 'సిద్ధపడండి' అన్న మాట ఇక్కడ నారింజ రంగులో ఉన్నది. కాబట్టి ప్రతి వృద్ధాశ్రమం తన గోడమీద వ్రాసి పెట్టుకోవలసిన వాక్యం ఒకటి ఉందని మా అభిప్రాయం: ఊరికి నారింజ అయితే మనకు ఎరుపు.

తొందరగా కదలడం ఎందుకు అవసరమో వివరించడానికి మా స్వంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. జాతీయ సేవా పథకం విద్యార్థులతో కలసి మేము మా పట్టణంలోని ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళాము. అది కాలువ ప్రక్కనున్న రెండంతస్తుల పాత ఇల్లు. లోపల 46 మంది వృద్ధులు. వారిలో ఇతరుల సహాయం లేనిదే నడవలేనివారు 18 మంది, అందులో పూర్తిగా మంచానికే పరిమితమైనవారు 11 మంది. రాత్రివేళ అక్కడ ఉండేది ఒక ఆయా, ఒక కాపలాదారు. పండ్లు పంచి, ఫోటో తీయించుకొని తిరిగి రావడం మా అసలు కార్యక్రమం. అట్టి కార్యక్రమాలు ఎట్లా ఉంటాయో పాఠకులకు తెలియనిది కాదు.

అప్పుడు ఒక పెద్దాయన మా విద్యార్థిని ఒకతెను పిలిచి, "అమ్మాయీ, ఆ కాలువకు గండి పడితే నన్ను పైకి ఎవరు తీసుకుపోతారమ్మా?" అని అడిగాడు. ఆ బాలిక సమాధానం చెప్పలేక మా వైపు చూసింది. మేమూ చెప్పలేకపోయాము. 2024 సెప్టెంబరు 1వ తేదీన విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగిన తర్వాత, కాలువ ప్రక్కన ఉండేవారెవరికీ ఈ ప్రశ్న వింతగా తోచదు. పై అంతస్తులకు చేరినవారికి రోజుల తరబడి ఆహారాన్ని పడవల మీద, చివరకు డ్రోనుల ద్వారా అందించవలసి వచ్చింది.

మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాము. ఈసారి పండ్లు లేవు, గడియారం పట్టుకొని వెళ్ళాము. ఒక విద్యార్థిని నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురిచేత క్రింది గది నుండి పైకి మోయించాము. మెట్ల మలుపు దగ్గర మంచం తిరగలేదు. ఎంత వంచినా గోడకు తగిలింది. మంచాన్ని వదలి, దళసరి దుప్పటిలో పడుకోబెట్టి ఆరుగురు అంచులు పట్టుకొని మోశారు. పైకి చేర్చడానికి 4 నిమిషాలు పట్టింది. మోసినవారు పద్దెనిమిదేళ్ళ యువకులు, పగటి వెలుతురు ఉంది, మెట్లు పొడిగా ఉన్నాయి, మోయబడినవాడు నవ్వుతూ సహకరించాడు. అయినా పదకొండుమందికి 44 నిమిషాలు, మళ్ళీ దిగిరావడం, ఊపిరి తీసుకోవడం కలిపితే గంటకు పైమాటే. చీకటిలో, మోకాటిలోతు నీటిలో, భయంతో పెనుగులాడే మనిషిని ఒక ఆయా, ఒక కాపలాదారు మోయాలంటే ఎంతసేపో లెక్క వేయనక్కరలేదు. ఇద్దరివల్ల ఒక దుప్పటి కూడా లేవదు.

ఇక్కడ జపాను నుండే మరొక ఉదంతం చెప్పాలి. 2020 జూలై 4వ తేదీ తెల్లవారుజామున కుమమోతో రాష్ట్రంలో కుమ నది పొంగి ఒక వృద్ధాశ్రమాన్ని ముంచింది. అక్కడ పద్నాలుగుమంది మరణించారు. వరదముప్పు ఉన్న చోటగల ఆశ్రమాలన్నీ తరలింపు ప్రణాళిక వ్రాసుకోవాలని, అభ్యాసం చేయాలని 2017లోనే అక్కడ చట్టం చేశారు. అయినా ఈ మరణాలు ఆగలేదు. అయితే చక్రాల కుర్చీలతో సహా చాలామందిని పై అంతస్తుకు చేర్చగలిగారు. చేర్చినవారిలో సిబ్బందితోపాటు ఇరుగుపొరుగు గ్రామస్థులు ఉన్నారు. ఆ పొరుగువారు లేకుంటే మృతుల సంఖ్య ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. తర్వాత 2021లో చట్టాన్ని మళ్ళీ సవరించి, అభ్యాసం జరిపినట్లు స్థానిక అధికారులకు నివేదిక పంపాలని నిబంధన చేర్చారు. కాగితం మీది ప్రణాళికకు, మెట్లమీది ప్రణాళికకు గల భేదాన్ని వారు అనుభవంతో తెలుసుకున్నారు.

అయితే ప్రతి ఆపదకూ తరలింపే మందు అనుకోవడం పొరపాటు. 2011 మార్చిలో ఫుకుషిమా అణు విద్యుత్కేంద్ర ప్రమాదం జరిగినప్పుడు సమీపంలోని ఒక ఆసుపత్రి నుండి, దానికి చెందిన వృద్ధుల నిలయం నుండి మంచం పట్టినవారిని బస్సుల్లో ఎక్కించి, గంటల తరబడి త్రిప్పారు. వెంట మందులు లేవు, వారి చరిత్ర తెలిసిన వైద్యులు లేరు. మార్గమధ్యంలోనూ, చేరిన తర్వాతనూ 40 మందికి పైగా మరణించారు. వరదకు పై అంతస్తు చాలును, ఊరు దాటనక్కరలేదు. దేనికి కదలాలి, దేనికి కదలరాదు అన్న వివేకం ముందుగానే కుదుర్చుకోవాలి.

ఎండ విషయంలో ఈ వివేకం మరింత అవసరం. ఎండదెబ్బ తుఫాను వలె శబ్దం చేయదు. 2003 ఆగస్టులో ఫ్రాన్సు దేశంలో వీచిన వడగాలులకు మామూలు కంటె దాదాపు 15,000 మంది ఎక్కువగా మరణించారు. వారిలో అత్యధికులు డెబ్బది ఐదేండ్లు దాటినవారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం వృద్ధాశ్రమాలకు ఒక చిన్న నియమం పెట్టింది. ప్రతి ఆశ్రమంలో కనీసం ఒక గదినైనా చల్లగా ఉంచాలి, వేడి ముదిరిన దినాలలో అందరినీ కొన్ని గంటలపాటు అందులో కూర్చోబెట్టాలి. భవనమంతా చల్లబరచనక్కరలేదు. ఇది మన బీద ఆశ్రమాలకు కూడా సాధ్యమైన పని. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలి అయ్యారన్నది మరువరాదు. ముసలితనంలో దాహం తెలియడం తగ్గుతుంది. రక్తపోటుకు వాడే మాత్రలలో కొన్ని ఒంటిలోని నీటిని బయటకు పంపుతాయి. మూత్రానికి లేవవలసి వస్తుందని, ఆయాను పిలిస్తే విసుక్కుంటుందని నీళ్ళు త్రాగడం మానుకునేవారు కూడా ఉన్నారు. ఈ మాట మాకు ఒక మామ్మగారే చెప్పింది. ఏ వైద్యగ్రంథంలోనైనా ఈ చివరి కారణం ఉన్నదో లేదో!

విద్యుత్తును గూర్చి ఒక మాట. 2017 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఇర్మా తుఫాను తర్వాత ఒక వృద్ధుల శుశ్రూషాలయంలో శీతల యంత్రానికి మాత్రమే కరెంటు పోయింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. వీధికి ఆవలి వైపున విద్యుత్తు చక్కగా ఉన్న పెద్ద ఆసుపత్రి ఉంది. అయినా మూడు రోజులపాటు వృద్ధులు ఉక్కలో మ్రగ్గిపోయారు, చివరకు పన్నెండు మరణాలు నమోదైనాయి. మరుసటి సంవత్సరం ఆ రాష్ట్రం శుశ్రూషాలయాలన్నీ నాలుగు రోజులకు సరిపడే ఇంధనంతో జనరేటరు కలిగి ఉండాలని చట్టం చేసింది. మనవద్ద 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన పిమ్మట విశాఖపట్నంలో కరెంటు లేని రోజులు చాలామందికి గుర్తే. ప్రాణవాయు యంత్రం మీద ఆధారపడిన మనిషికి రెండు గంటలు కూడా ఎక్కువే.

నిప్పును గూర్చి విస్తరించి చెప్పనక్కరలేదు. 2011 డిసెంబరులో కలకత్తాలోని ఒక ఆసుపత్రిలో తొంభైమంది వరకు మరణించింది మంటవల్ల కంటె పొగవల్ల అన్నది చాలు. మేము చూసిన ఆశ్రమంలో ఇనుప గ్రిల్లు తాళంచెవి కాపలాదారు మొలత్రాటికి ఉంది. రాత్రి పదకొండు గంటలకు అతడు సందు చివర టీ త్రాగడానికి వెళతాడట. రెండవ తాళంచెవి చేయించమని చెప్పాము. ఖర్చు అతి స్వల్పం.

మన చట్టం ఏమంటున్నది? 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షను ప్రకారం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఒక ఆశ్రమమైనా రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పవచ్చును. ఆశ్రమాల నిర్వహణకు ప్రమాణాలు నిర్ణయించవచ్చునని, వైద్యసేవ, వినోదం మొదలైన సదుపాయాలు ఉండాలని ఆ సెక్షను పేర్కొంటున్నది. వినోదం ప్రస్తావన ఉంది, వరద ప్రస్తావన లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన తర్వాత మన తీరంలో తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి. అవి ఉపయోగపడ్డాయి కూడా. కాని వాటి దాకా నడచిపోగలవారికే అవి ఉపయోగం. వయోవృద్ధుల కొరకు 14567 అనే టెలిఫోను నంబరు దేశమంతటా ఉంది. ఆ నంబరు మేము వెళ్ళిన ఆశ్రమంలో ఎవరికీ తెలియదు. పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి రెండు గోడలమీద అంటించి వచ్చాము.

ఇక ఆ ఆశ్రమంలో పదకొండు మంచాలు ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్న మా తరగతిలో రెండు రోజులు నడిచింది. వరదను తలచుకుంటే పై అంతస్తే క్షేమం. వేసవిని తలచుకుంటే పై అంతస్తు శ్లాబు క్రింద కొలిమి వలె ఉంటుంది, క్రింది గదులే చల్లన. నిప్పును తలచుకుంటే క్రింద, వాకిలి దగ్గర ఉండటమే మేలు. ఒక విద్యార్థి, వృద్ధులను ఏటా రెండుసార్లు కదల్చడం హింస అన్నాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. అలవాటైన కిటికీ, అలవాటైన గోడ మారితే కొందరికి మతి చలిస్తుంది. అయినా వాదోపవాదాల తర్వాత అధిక సంఖ్యాకులు ఒక అభిప్రాయానికి వచ్చారు. మార్చి నుండి జూన్ దాకా మంచాలు క్రింద, వానలు కుదురుకున్న నాటి నుండి నవంబరు ముగిసేదాకా పైన, చలికాలంలో ఎవరి ఇష్టం వారిది. నిప్పు ఏ కాలంలోనైనా రావచ్చు కనుక, ఆ వీధిలో పిలిస్తే అయిదు నిమిషాలలో రాగల పన్నెండు ఇళ్ళవారి పేర్లు, నంబర్లు ఆయా వద్ద ఉండాలి. వీరిలో ముగ్గురు మా విద్యార్థులే.

ఆశ్రమ నిర్వాహకురాలు దీనికి సమ్మతించింది. తాను అడిగినది ఒక్కటే, మంచాలు మార్చేనాడు మనుషులను పంపండి అని. ప్రతి వృద్ధునికి ఒక ప్లాస్టిక్ కవరు కూడా సిద్ధం చేయవలసి ఉన్నది. అందులో వారం రోజుల మందులు, డాక్టరు చీటీ నకలు, రక్తవర్గం, దగ్గరి బంధువు నంబరు, కళ్ళద్దాలు పెట్టుకొనే చోటు ఉండాలి. కట్టుడు పళ్ళను, చెవి యంత్రాన్ని చాలామంది మరచిపోతారు. అవి లేనివానికి మీరు ఎంత చక్కగా హెచ్చరిక చెప్పినా వినబడదు, ఎంత మంచి అన్నం పెట్టినా నమలలేడు.

కళాశాల పాలక సంఘం పెద్దలను మేము ఈ సందర్భంగా కోరుతున్నది స్వల్పం. ఈ పనిని సేవా పథకం వార్షిక కార్యక్రమాలలో చేర్చి, జూలై మొదటి ఆదివారాన్ని, మార్చి మొదటి ఆదివారాన్ని అందుకు కేటాయించాలి. రంజాన్ నెల ఆ దినాలలో వస్తే వారం ముందుకు జరుపుకోవచ్చును. ఒక్కొక్క విడతకు ఆరుగురు చొప్పున మోసేవారు మూడు జట్లు, కవర్లు సరిచూచే విద్యార్థినులు నలుగురు, మెట్లకు కొలత పట్టిన ఇద్దరు మా వెంట ఉండాలి. పేర్లు ఇవ్వదలచినవారి కొరకు తెలుగు శాఖ గదిలో ఒక నోటుపుస్తకం ఉంచాము. ఈ వ్యాసం వ్రాసేనాటికి అందులో పదిహేడు పేర్లు ఉన్నాయి.